ముందు చక్రం

బస్సును వెనక్కి తీస్తే మా తమ్ముడు చచ్చిపోతాడు. ముందుకు పోనిచ్చినా చచ్చిపోతాడు. ఈ సంగతి మాకు చెప్పింది తమ్ముడే, బస్సు కింద పడుకుని.

“డ్రైవర్ సీట్లోకి ఎవర్నీ ఎక్కనివ్వకక్కా,” అన్నాడు. మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది గానీ, గొంతు మాత్రం లిఫ్టులు బిగించే పనిలో రోజూ గోతిలో నిలబడి పైవాళ్ళకి పని పురమాయించే గొంతే. “ఇరుక్కున్న మనిషిని లాగకూడదు. బరువునే పైకి లేపాలి. జాక్ తెమ్మను.”

వాడి కాలు మోకాలి కింది నుంచి కనిపించడం లేదు. అక్కడ బస్సు ముందు చక్రం ఉంది.

వంతెన నడిమధ్యన ఉన్నాం. ఒక పక్క నడుమెత్తు రెయిలింగు, దాని కింద నది. ఇంకో పక్క ఆగిపోయిన బండ్ల వరస. వెనకున్నవాళ్ళకి ముందేం జరిగిందో తెలియదు కాబట్టి హారన్లు కొడుతూనే ఉన్నారు. బండ్లు దిగి వచ్చినవాళ్ళు బస్సు మీద చేతులు వేసి “తోయండి, తోయండి” అంటున్నారు. నేను రెండు చేతులూ చాపి బస్సు మొహానికి వీపు ఆనించి నిలబడ్డాను. నా బలానికి బస్సు ఆగుతుందన్నట్టు.

“తోయకండి. వాడు వద్దంటున్నాడు.”

“దెబ్బ తగిలినవాడికి ఏం తెలుస్తుందమ్మా,” అన్నాడొకాయన.

“నాకు కాక నీకు తెలుస్తుందా,” అన్నాడు తమ్ముడు కింద నుంచి.

డ్రైవర్ దిగొచ్చాడు. జాక్ ఆయన చేతుల్లోనే ఉంది. మా పాత శత్రువే. ప్రతి పొద్దునా మేం వంతెన ఎక్కగానే వెనక చేరి, మోత ఆపకుండా దిగేదాకా తరుముకొచ్చే మనిషి. పేరు తెలియదు. మేం పెట్టుకున్న పేరు హారన్ మామ.

“నేను తగల్లేదమ్మా,” అన్నాడు. “నా ముందే పడ్డాడు. ఉన్నట్టుండి ఎగిరిపడ్డాడు.”

“నువ్వే. రోజూ మా వెనక పడి ప్రాణాలు తోడేస్తావు. ఇవాళ అన్నంత పనీ చేశావు,” అన్నాను.

జనానికి కావలసింది ఆ మాటే. మోటారు సైకిలు మీద వచ్చినవాడెవడో చేతిలో ఉన్న హెల్మెట్‌తో ఆయన చెంప మీద కొట్టాడు. ఇంకొకడు చొక్కా పట్టుకున్నాడు. హారన్ మామ చేతులు అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకుంటే జాక్ కింద పడిపోతుంది. కొట్టించుకుంటూనే మోకాళ్ళ మీద కూర్చుని, చక్రం పక్కకి జరిగి, జాక్ ఆనించి తిప్పడం మొదలుపెట్టాడు. చెవి వెనక నుంచి రక్తం కాలర్లోకి దిగుతోంది.

ఈలోగా ఎవరో తమ్ముడి సైకిలును పక్కకి లాగబోయారు. అది రాలేదు. ఇద్దరు కలిసి గుంజారు, తన్నారు. ఇనుము మీద ఇనుము గీరుకున్న చప్పుడై, అప్పుడు ఊడొచ్చింది. ఆ చప్పుడు నా చెవిన పడింది. బుర్రకి ఎక్కలేదు.

బస్సు జానెడు లేచింది. తమ్ముణ్ణి బయటికి తీశారు. పోలీసులు వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, “బస్సు తగిలిందా?”

“తగిలింది.”

“మీరు చూశారా?”

“నేను ముందున్నాను. హారన్ విన్నాను. వెంటనే వీడు పడ్డాడు. తగిలింది.”

హారన్ మామను జీపెక్కించారు. ఎక్కుతూ ఆయన నావైపు కాదు, తమ్ముడి కాలివైపు చూశాడు.

ఆ వంతెన మీద సైకిలు తొక్కడమంటే ఏమిటో తొక్కనివాళ్ళకి చెప్పడం కష్టం. సైకిళ్ళకి వేరే దారి లేదు. నడిచేవాళ్ళ కోసం కట్టిన బాటను నీళ్ళ గొట్టాలు మింగేశాయి. మిగిలింది రోడ్డు అంచున మూరెడు జాగా. పగిలిన అద్దాలు, లారీల నుంచి రాలిన కంకర, వాన నీరు నదిలోకి దిగడానికి వేసిన ఇనుప జాలీలు, అన్నీ ఆ మూరెడులోనే. లారీ పక్క నుంచి పోతే ముందు గాలి లోపలికి లాగుతుంది, ఆ తర్వాత బయటికి తోస్తుంది. అలవాటైనవాళ్ళం రెండింటికీ ముందే ఒళ్ళు బిగించుకుంటాం. అయినా ఎందుకు తొక్కుతానంటే, అవతలి గట్టున నేను కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే దుకాణానికి బస్సులో పోతే పుణ్యకాలం గడిచిపోతుంది. తమ్ముడికి వేరే కారణం. వాడికి ఆ సైకిలంటే పిచ్చి. వేలెడు మందం టైర్లు, వంగిన హ్యాండిలు, ఎత్తితే ఈకలా ఉంటుంది. నాది లావు టైర్ల మోటు సైకిలు. “అక్కది ట్రాక్టరు” అనేవాడు.

ఇద్దరం పోయేటప్పుడు నేను ముందు, వాడు వెనక. ముందున్నవాళ్ళు గొయ్యి కనిపిస్తే చెయ్యి కిందికి చూపిస్తారు, వెనకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని నమ్ముతారు. అది మా ఇద్దరి ఒప్పందం. ఇనుప జాలీల దగ్గర మాత్రం నేనెప్పుడూ చెయ్యి చూపించలేదు. ఆ అవసరమే లేదు. వంతెన బాగోగులు చూసే ముఠాలో మా ఆయన పనిచేస్తాడు. ఆ జాలీలు వేసేదీ తీసేదీ ఆయనే. “బావ ఊడ్చిన రోడ్డు, తివాచీ లెక్క” అని తమ్ముడి వేళాకోళం.

ఆసుపత్రి నుంచి మా ఆయనకి ఫోన్ చేశాను. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి ఎత్తాడు. ఆయన మాట కంటే గాలి హోరే ఎక్కువ వినిపించింది.

“తమ్ముడు వంతెన మీద పడ్డాడండీ. కాలు మీదికి బస్సెక్కింది.”

“ఎక్కడ పడ్డాడు?”

“చెప్పా కదా, వంతెన మీద.”

“వంతెన మీద ఎక్కడ?”

“మధ్య స్తంభం దాటాక. ఎందుకు?”

గాలి. గాలి. ఆ తర్వాత, “వస్తున్నా,” అన్నాడు. “ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా.”

ఆపరేషన్‌కి తీసుకుపోయే ముందు తమ్ముడితో రెండు మాటలు మాట్లాడనిచ్చారు. కాలు ఉంటుందో పోతుందో తెరిచి చూస్తేగానీ చెప్పలేమన్నారు. వాడు నా చేతి వేళ్ళు పట్టుకున్నాడు. అంత పట్టు ఇంకా మిగిలి ఉందే అనుకున్నాను.

“హారన్ మామని కొడుతున్నారక్కా. వద్దని చెప్పు.”

“వాడి గురించి నీకెందుకురా.”

“ఆయన తగల్లేదు. ముందు చక్రం ఆగిపోయింది. ఎవరో చేత్తో పట్టుకున్నట్టు. నేను హ్యాండిల్ మీంచి ఎగిరిపోయా. బస్సు ఆ తర్వాత వచ్చింది. ఆయన బ్రేకు తొక్కకపోతే కాలు కాదు, తలకాయ పోయేది.” మందు ఎక్కుతోంది, మాట ముద్దవుతోంది. “నువ్వు పోయి చెప్పు. ఇక్కడ కూర్చుని నువ్వేం చేస్తావ్, నా కాలికి అద్దాలు పెడతావా?”

తలుపులు మూసుకున్నాయి. మా ఆయన ఇంకా రాలేదు.

వంతెన దిగగానే ఎడమ చేతివైపు పోలీసు స్టేషను. ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల. లోపల గోడ పక్కన బల్ల మీద హారన్ మామ కూర్చున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆయన పక్కన ఒకావిడ తడిగుడ్డ పట్టుకుని ఉంది. భార్య అని చూడగానే తెలిసింది.

నేను ఇన్‌స్పెక్టర్‌కి తమ్ముడి మాటలు చెప్పాను. ఆయన వింటూ పళ్ళ సందులో ఏదో ఇరుక్కున్నట్టు మొహం పెట్టాడు.

“పొద్దున తగిలిందన్నారు. ఇప్పుడు తగల్లేదంటున్నారు.”

“నేను చూడలేదండి. అనుకున్నాను.”

“అనుకున్నదాన్ని చూసినట్టు చెప్పారు. ఇప్పుడేమో మత్తు మందు ఎక్కినవాడి మాట పట్టుకొచ్చారు. చక్రాన్ని ఎవరో పట్టుకున్నారంటే ఎవరు? నదిలో దెయ్యమా? చూపించండి, రాసుకుంటాను. లేదా, సాయంత్రం ఈయన్ని కోర్టులో పెడతాను. ఈలోగా మీవాడికి ఏమైనా అయితే కేసు మారిపోతుంది. అప్పుడు ఈయన బయటికి వచ్చేసరికి ఈవిడ జుట్టు నెరిసిపోతుంది.”

ఆవిడ తలెత్తింది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఎర్ర సైకిలు అమ్మాయివి నువ్వేనా?” అంది. “రోజూ ఇంటికొచ్చి మీ గురించే చెప్తాడమ్మా. ఆ అక్కాతమ్ముళ్ళు ఏదో ఒకరోజు ఎవడి చక్రాల కిందో పడతారు, వెనక నేనుంటే ఇంకోడు దూరడు కదా అంటాడు. హారన్ కొట్టేది మీమీద కాదు, వెనకవాళ్ళ మీద.”

నాకు కూర్చోవాలనిపించింది. కూర్చోవడానికి ఆయన పక్కనే జాగా ఉంది. నిలబడే ఉన్నాను.

తమ్ముడి సైకిలు మూలన ఆనించి ఉంది. వెళ్ళి చూశాను. వెనక చక్రానికి గీత కూడా లేదు. బస్సు తగిలితే వెనకే కదా తగలాలి. ముందు చక్రం వైపు మాత్రం ఎక్కువసేపు చూడలేకపోయాను. రిమ్ముకి రెండు పక్కలా, ఎదురెదురుగా, లోతైన గాట్లు. పట్టకారతో పట్టి నొక్కినట్టు.

నా సైకిలు నాకిచ్చేశారు. బయటికి తెచ్చి ఎక్కాను.

తమ్ముడు పడిన చోటు చేరాలంటే ఎదురు వరసలో వంతెన మొత్తం దాటి, మా ఇంటి గట్టున తిరిగి, మళ్ళీ ఎక్కాలి. రెండు వరసల మధ్యలో గోడ ఉంది. పొద్దుటిదాకా ఆ వంతెన నాకు చిరాకు. ఇప్పుడు పెడలు మీద పెట్టిన పాదం నా మాట వినడం లేదు. వెనక చిన్న హారన్ మోగినా వేళ్ళు బ్రేకు మీదికి పోతున్నాయి. ఒక లారీ అంత దగ్గరగా పోయింది, దాని పక్కన కట్టిన తాడు కొస నా మోచేతిని చరిచింది. ముందు లాగింది. ఒళ్ళు బిగించడం మరిచిపోయాను. ఆ తర్వాత తోసింది. హ్యాండిలు రెయిలింగుకి కొట్టుకుని, నా కళ్ళు ఒక్క క్షణం నేరుగా నీళ్ళలోకి చూశాయి. పచ్చగా, బరువుగా పోతోంది నది. ఏ తొందరా లేదు దానికి.

తిరిగి ఎక్కి, మధ్య స్తంభం దాటి, దిగాను. మబ్బు పట్టి వెలుతురు సన్నగిల్లింది.

రక్తం మీద ఇసక చల్లారు. ఇసక పక్కనే ఇనుప జాలీ.

జాలీ అంటే చదరపు ఇనుప చట్రం, మధ్యలో వరసగా కడ్డీలు, కడ్డీల మధ్య సందులు. ఆ సందులు రోడ్డుకి అడ్డంగా ఉండాలి. అప్పుడు సైకిలు చక్రం కడ్డీ మీంచి కడ్డీ మీదికి దొర్లిపోతుంది. అదే సందులు రోడ్డు పొడవునా ఉంటే సన్న టైరు నేరుగా సందులో దిగబడి పట్టేస్తుంది. నా ట్రాక్టరు టైరు దిగబడదు. తమ్ముడి టైరు దిగబడుతుంది.

చూశాను. సందులు అడ్డంగానే ఉన్నాయి. నా ముందు చక్రం దొర్లించి చూశాను. దొర్లింది. తప్పేం లేదు. ఇంక చూపించడానికేమీ లేదు.

వెనుదిరగబోతూ ముందున్న ఇంకో జాలీని చూశాను. దాని చుట్టూ సందుల్లో ఏళ్ళనాటి మట్టి గట్టిపడి, మట్టిలో గడ్డి కూడా మొలిచింది. మళ్ళీ దీన్ని చూశాను. దీని చుట్టూ మట్టి లేదు. ఇనుము మీద గడ్డపార మొన గీసిన గీత తెల్లగా మెరుస్తోంది. మోకాళ్ళ మీద వంగాను. మధ్యనున్న రెండు కడ్డీలకి, లోపలి వైపున, నల్లటి రబ్బరు అంటుకుని ఉంది. అడ్డంగా ఉన్న కడ్డీల మధ్యలోకి చక్రం దిగదు. దిగకుండా అక్కడ రబ్బరు అంటదు.

పొద్దున ఈ జాలీ పొడవునా ఉంది. తమ్ముడు పడ్డాక, నేను ఆసుపత్రిలో ఉండగా, ఎవరో వచ్చి దీన్ని తిప్పి పెట్టారు.

జాలీ మీద పసుపురంగు వెలుగు పడి ఆరింది. మళ్ళీ పడి ఆరింది. వెనక వ్యాను ఆగింది. నెత్తి మీద తిరిగే దీపం. అందులోంచి మా ఆయన దిగాడు.

మొదట నాకు వచ్చింది ఏడుపు. అయినవాడు కనబడితే వచ్చే ఏడుపు. “చూడండి, ఎవరో దీన్ని...” అని మొదలుపెట్టి, ఆయన చేతులు చూసి ఆగిపోయాను. గోళ్ళ నిండా తడి మట్టి. 

ఫోన్‌లో ఆయన తమ్ముడు ఎలా ఉన్నాడని అడగలేదు. ఎక్కడ పడ్డాడని అడిగాడు.

“ఆసుపత్రికి వస్తున్నానన్నారు,” అన్నాను.

“వస్తున్నా. ముందు ఇంటికి పద. ఇక్కడ నిలబడకూడదు, ప్రమాదం.”

“దీన్ని తిప్పింది మీరేనా?”

ఆయన చుట్టూ చూశాడు. బండ్లు పోతున్నాయి. ఎవరూ ఆగరు అక్కడ, ఆగడానికి వీల్లేదు.

“తెల్లవారక ముందు మార్చాను,” అన్నాడు నీళ్ళు నములుతూ. “పాతది విరిగింది. కొత్తది ఎత్తాలంటే ఇద్దరు కావాలి. రెండోవాడు రాలేదు. నేనొక్కణ్ణే గడ్డపారతో జరిపి జరిపి వేశాను. చదరమే కదా, ఎటు వేసినా కూర్చుంటుంది. కూర్చున్నాక చూస్తే పొడవునా కూర్చుంది. మళ్ళీ లేపబోతే రాలేదు. ఈలోగా రోడ్డు తెరవమని ఫోన్ల మీద ఫోన్లు. మధ్యాహ్నం రెండోవాడు వస్తే సరిచేద్దామనుకున్నా. ఇందాక వచ్చి చూస్తే వదులై ఉంది, గడ్డపార వేస్తే ఒక్కడికే లేచింది.”

“సైకిలు నడిపి చూశారా?”

ఆయన వ్యాను వైపు తల తిప్పాడు.

ఆ ముఠాకి ఒక పద్ధతి ఉంది. జాలీ వేశాక, వ్యానులో ఉండే పాత సైకిలు దింపి, దాని మీంచి ఒకసారి తొక్కి చూడాలి. ఆ తర్వాతే అడ్డం పెట్టిన కోన్లు తీయాలి. వేరే ఏ ముఠాకీ లేదది. మా ఆయనే పెట్టాడు, పెళ్ళైన కొత్తలో, నేనూ తమ్ముడూ ఈ దారిన పోతామని. ఆ పద్ధతిని నమ్మే నేను జాలీల దగ్గర చెయ్యి చూపించడం మానేశాను.

“నడపాల్సిన పనేముంది,” అన్నాడు చివరికి. “పొడవునా ఉందని కళ్ళకి కనబడుతూనే ఉంది.”

“కనబడుతూనే కోన్లు తీసేశారు.”

“మీరు ఇవాళ ఆలస్యంగా పోతారనుకున్నా.”

“మేం కాకపోతే?”

“చూడు,” అంటూ దగ్గరికి వచ్చి నా సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. “జరిగిందేదో జరిగింది. ఎముకే కదా, అతుక్కుంటుంది. మీ తమ్ముణ్ణి జీవితాంతం నేను చూసుకుంటా. కానీ నా సంగతి బయటపడితే నన్ను లోపలేస్తారు. తప్పు చేసినందుకు కాదు, వచ్చి తిప్పినందుకు. అది తెలిసి చేసిన పని కింద లెక్క.”

“లోపల ఇప్పటికే ఒకాయన ఉన్నాడు.”

“ఆయనకేం, వెనక యూనియన్ ఉంది. లాయర్ని పెడతారు. నాకెవరున్నారు? నువ్వే ఉన్నావు.”

“ఆయన్ని కొట్టారండీ. కన్ను కనబడ్డం లేదు.”

“కొట్టించింది ఎవరు?” అన్నాడు మెల్లగా. “నేనా? బస్సు తగిలిందని పదిమందిలో చెప్పిందెవరు? ఇప్పుడు మాట మారిస్తే నిన్ను వదులుతారా? ఇంటికి పద.”

హ్యాండిలు వదల్లేదు. నా వీపుకి రెయిలింగు చల్లగా తగులుతోంది. అది నా నడుము దాకానే వస్తుంది. ఆయన నన్ను ఎన్నడూ కొట్టిన మనిషి కాదు, గొంతెత్తి మాట్లాడిన మనిషి కాదు. చీమను చూసి పక్కకి అడుగేసే మనిషి. ఆ మనిషి తెల్లవారుజామున ఒక చావుగుంటను కళ్ళారా చూసి, కోన్లు తీసుకుని వెళ్ళిపోయాడు. అందులో మా తమ్ముడు పడ్డాడని తెలిశాక గడ్డపార పట్టుకుని ముందు ఇక్కడికే వచ్చాడు. ఇంకేం చేయగలడో నాకు తెలియదు. ఆయనకి తెలుసో లేదో కూడా తెలియదు. ఆయన పిడికిలి దగ్గర నరాలు ఉబ్బి ఉన్నాయి. నా కాళ్ళ కింద వంతెన, బండ్ల బరువుకి, చిన్నగా ఊగుతోంది.

“సరే,” అన్నాను. “ఇంటికే. దిగి, అవతల తిరిగి వస్తా.”

“సైకిలు వ్యానులో వేద్దాం.”

“వద్దు. తొక్కుతా.”

నా మొహం చూశాడు. నేను నమ్మించలేకపోయానని నాకు తెలుసు. వెనక కారువాడెవడో వ్యానును తీయమని ఆపకుండా హారన్ కొట్టాడు. ఆయన తల తిప్పాడు, పట్టు సడలింది. నేను ఎక్కి తొక్కేశాను.

మధ్య స్తంభం దాటితే వంతెన పల్లం. తొక్కకపోయినా సైకిలు జారిపోతుంది. వెనక వ్యాను తలుపు వేసిన చప్పుడు, ఇంజను చప్పుడు. పసుపు వెలుగు నా ముందు రోడ్డు మీద పడి ఆరుతోంది. దగ్గరైంది. ఇంకా దగ్గరైంది. నా నీడ ముందుకి దూకి మాయమవుతోంది, దూకి మాయమవుతోంది. వెనక్కి చూడాలంటే సైకిలు వంకర పోతుంది. చూడకపోతే అది ఎంత దగ్గరుందో తెలియదు. నన్ను బస్సుల నుంచి కాస్తున్నాడా, తరుముతున్నాడా? రెండూ ఒక్కలాగే వినిపిస్తాయి. ఇన్నాళ్ళూ హారన్ మామ కూడా అలాగే వినిపించాడు.

ముందు జాలీ వచ్చింది. ఈ వేగంలో సందులు అడ్డమో పొడవో కంటికి ఆనవు. నా టైరు లావుదే, దిగబడదు, పొద్దున ఇదే టైరు ఆ జాలీ మీంచి దాటిపోయింది. బుద్ధికి తెలుసు. చేతులకి తెలియడం లేదు. ఈ వరసలో ప్రతి జాలీ ఆయన చేత్తో వేసిందే. ఎన్నిటి మీంచి కోన్లు అలా తీసేశాడు? రోడ్డు మధ్యకి తప్పుకుందామంటే పక్కన బస్సు. దాని కిటికీల్లోంచి ఎవరో నన్నే చూస్తున్నారు. బ్రేకు వేస్తే వెనక వ్యాను. పళ్ళు బిగించి దాని మీంచే పోయాను. టకటకమంది. దాటింది. ఇంకొకటి. టకటక. ఇంకొకటి. ప్రతిసారీ ఒళ్ళంతా తమ్ముడిలా గాల్లోకి లేచిపోవడానికి సిద్ధపడుతోంది.

వ్యాను నా పక్కకి వచ్చింది. మా ఆయన కిటికీ దించి ఏదో అంటున్నాడు. “...మాట విను... ఒక్క రోజు ఆగు...” గాలికి సగం మాటలు నదిలోకి పోయాయి. అంటూ అంటూ బండిని నావైపుకి తెస్తున్నాడు. కావాలని తెస్తున్నాడో, నావైపు చూస్తూ నడపడం వల్ల అది వస్తోందో. అద్దం నా భుజానికి తగిలింది. రెయిలింగుకి నా పెడలు రాసుకుని నిప్పురవ్వలు లేచాయి.

“బండి చూసి నడపండి,” అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు రోజూ చెప్పే మాట.

ఆయన ఉలిక్కిపడి రోడ్డు వైపు చూశాడు. వ్యాను వెనకబడింది.

వంతెన అయిపోయింది. అవతల తిరగాల్సిన చోట తిరగలేదు. ఎడమ చేతివైపు నేరుగా స్టేషను గేటులోకి పోనిచ్చి, సైకిలు ఎక్కడ పడిందో చూడకుండా మెట్లెక్కాను.

హారన్ మామను కోర్టుకి బయల్దేరదీస్తున్నారు. జీపు తయారుగా ఉంది. ఆవిడ ఆయన చొక్కా గుండీలు పెడుతోంది, ఒకటి తెగిపోయింది, ఆ చోట వేలు ఆనించి పట్టుకుంది.

“ఆపండి,” అన్నాను. ఊపిరి అందడం లేదు. “చక్రాన్ని పట్టుకుంది ఇనుప జాలీ. పొడవునా వేశారు. తమ్ముడు పడ్డాక తిప్పి అడ్డంగా పెట్టారు. కడ్డీల మధ్య రబ్బరు ఇంకా ఉంది. మనుషుల్ని పంపించండి. ఇప్పుడే. మళ్ళీ ఎవరూ దాన్ని ముట్టుకోక ముందు.”

ఇన్‌స్పెక్టర్ నా వెనక్కి చూశాడు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పని చొక్కా మీద మట్టి దులుపుకున్నాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“ఆవిడకి మనసు బాగాలేదు సార్,” అన్నాడు. “తమ్ముడికి ఆపరేషన్. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఏవేవో అంటోంది. నేను ఇంటికి తీసుకుపోతా.”

“మీరెవరు?”

“భర్తని.”

ఇన్‌స్పెక్టర్‌కి ఆ మాట నచ్చింది. పని తేలికయ్యే మాట అది. ఆయన నావైపు తిరిగి, పిల్లల్తో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు, “చూడమ్మా. పొద్దున ఒకటి చెప్పారు, మధ్యాహ్నం ఒకటి చెప్పారు. ఇప్పుడు మూడోది. ఇంటికి పోయి పడుకోండి.”

“జాలీ చూడండి సార్.”

“చూస్తాం. వేసింది ఎవరు, తిప్పింది ఎవరు? గాలికి తిరిగిందా? చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

మా ఆయన నన్ను చూస్తున్నాడు. కోపంగా కాదు. అలా చూస్తే నాకు ధైర్యం వచ్చేదేమో. జ్వరం వచ్చిన రాత్రి నీళ్ళు అడిగేటప్పుడు చూసినట్టు చూస్తున్నాడు. తల అటూ ఇటూ కొద్దిగా, నాకు తప్ప ఎవరికీ కనబడనంత కొద్దిగా ఊపాడు. ఇవాళ ఈ మాట అంటే ఇంటికి ఎలా పోవాలో నాకు తెలియదు. అనకపోయినా తెలియదు. ఆసుపత్రిలో తమ్ముడు కళ్ళు తెరిచి అడిగే మొదటి మాట ఏమిటో మాత్రం తెలుసు. బల్ల దగ్గర హారన్ మామ మూసుకోని కంటితో నన్నే చూస్తున్నాడు. ఆయన భార్య గుండీ చోట పెట్టిన వేలు తీయలేదు.

“ఎవరమ్మా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మా ఆయన మొహం మీంచి కళ్ళు తిప్పుకున్నాను.

“మా ఆయన,” అన్నాను. వినబడిందో లేదోనని, గుమ్మంవైపు చెయ్యి చాచి, ఇంకా గట్టిగా అన్నాను. “వేసిందీ ఆయనే, తిప్పిందీ ఆయనే. మా ఆయన.”